మార్కుల కాగితం గారికి ఒక పాత ప్రాంప్టర్ వినతి

మహారాజశ్రీ నాటిక పోటీల మార్కుల కాగితం గారి సముఖానికి,

నమస్కారాలు. తమరు క్షేమమే. మొన్న నాటక పరిషత్తు పోటీల ఆఖరి రాత్రి, శాలువాలూ మెమెంటోలూ ముగిసి జనం కుర్చీలు తోసుకుంటూ వెళ్లిపోయాక, న్యాయనిర్ణేతల బల్ల మీద బిస్కెట్ల ప్లేటు కింద హాయిగా పడుకుని ఉన్న తమరిని చూశాను. ఒంటి మీద ఒక టీ మరక తప్ప ఏమీ కాలేదు. దెబ్బలు తగిలినవాళ్లంతా గ్రీన్‌రూములో ఉన్నారు.

తమరి నిర్మాణం అమోఘం. రచనకు ఒక గడి, దర్శకత్వానికి ఒకటి, రంగాలంకరణకు ఒకటి. నటీనటుల పేర్ల ఎదురుగా ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్త్వికం. నాట్యశాస్త్రం రాసిన భరతుడు చెప్పిన నాలుగు అభినయాలనూ స్కేలు పెట్టి గీసి పక్కపక్కనే కూర్చోబెట్టారు. గుండె పట్టుకుంటే ఆంగికం, గొంతు చించుకుంటే వాచికం, నీళ్లు కారితే సాత్త్వికం. ఆహార్యం సంగతి చెప్పక్కర్లేదు, పట్టుచీరకు ఎప్పుడూ మాసిన చీర కన్నా రెండు మార్కులు ఎక్కువే. ఆ మాపు తెప్పించడానికి చీరను టీ నీళ్లలో నానబెట్టిన అమ్మాయికి నా సానుభూతి. నటనను కొలవడం ఇంత సులువని తెలియక పాతతరం రంగస్థల నటుడు బళ్లారి రాఘవ గారు పద్యాల్లో రాగాల సాగదీత తగ్గించండి, భావం పలికించండి అని తాపత్రయపడ్డారు, పాపం.

ఇవన్నీ భరించొచ్చు. నా బాధ ఆ తల్లి పాత్ర.

మొన్న చూశారు కదా. చూసి ఉండరులెండి, తమరి మీద పెన్ను నడుస్తోంది. కొడుకులిద్దరూ పొలం పంచుకుంటున్నారు. తల్లి అరుగు మీద కూర్చుని చేటలో బియ్యం ఏరుతోంది. ఆ సీను మొత్తంలో ఆమెకు చెప్పుకోదగ్గ డైలాగు లేదు. గట్లూ సరిహద్దులూ తేలేదాకా ఆమె చెయ్యి ఒకే తీరుగా ఆడింది. అప్పుడు అమ్మ ఎవరి దగ్గర ఉండాలన్న మాట వచ్చింది. మామూలుగా ఎవరైనా అక్కడ చెయ్యి ఆపేస్తారు. ఆపి, జనం వైపు తిరిగి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటారు. ఈమె ఆపలేదు. ఇంకా గబగబా ఏరింది. రాళ్లు లేనిచోట కూడా రాళ్లు ఏరింది. చిన్నకోడలు "ఆర్నెల్లు మేం చూసుకుంటాం" అనగానే, ఏరిపారేసిన వాటిలోంచి ఒక గింజ తీసి మళ్లీ చేటలో వేసుకుంది. తల ఎత్తలేదు. నా పక్కన వేరుశెనక్కాయలు తింటున్న పెద్దాయన నమలడం మానేశాడు.

తర్వాత పెద్దకొడుకు వేలాడే మైకు కిందికి నడిచొచ్చి, మోకాళ్ల మీద పడి, పైకి చూస్తూ చాలాసేపు ఏడ్చాడు. చప్పట్లు. విజిల్స్. ఉత్తమ నటుడు.

తల్లికి ఏమీ రాలేదు. పైగా బహుమతులు ప్రకటించేటప్పుడు ఒక న్యాయనిర్ణేత మైకు తీసుకుని "ఆ తల్లి పాత్రధారిణి చక్కగా చేశారు, ఇంకొన్ని డైలాగులు ఉండి ఉంటే పోటీలో నిలబడేవారు" అన్నారు. హాలంతా తలూపింది. ఆమె కూడా కింద నుంచి నవ్వుతూ దణ్ణం పెట్టింది.

నేను చాలాకాలం స్టేజీ పక్క సైడ్ వింగులో స్క్రిప్టు పట్టుకుని, నటులు మర్చిపోయిన మాట అందిస్తూ నిలబడ్డవాణ్ణి. అక్కడి నుంచి చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. డైలాగు చెప్పేవాడు బాగా చేస్తున్నాడో లేదో ఎవరైనా చెబుతారు. ఎదుటివాడు నిజంగా వింటున్నాడా, తన వంతు ఎప్పుడొస్తుందా అని కాచుకుని ఉన్నాడా అన్నది మాత్రం పక్క నుంచి కనిపిస్తుంది. కాచుకుని ఉన్నవాడికి పెదాలు ముందే కదులుతుంటాయి. వాడే మధ్యలో మర్చిపోయి నా వైపు చూస్తాడు. వినేవాడికి మా అవసరం పెద్దగా రాదు, ఎదుటివాడి మాటే వాడి మాటను లాక్కొస్తుంది.

తమరి అసలు కిటుకు కూడా అక్కడి నుంచే పట్టుకున్నాను. గట్టి డైలాగు ఒకటి పడుతుంది. పడగానే న్యాయనిర్ణేత తల వంచి గడిలో అంకె వేస్తారు. ఆ మాట ఎదుటి మనిషికి తగిలేది సరిగ్గా ఆ క్షణంలోనే. నాటకం అప్పుడు ఆ ముఖంలో నడుస్తోంది, మూడు జతల కళ్లూ మీ మీద ఉన్నాయి. మార్కులు వేయడం కోసం మార్కులు వేయాల్సిన చోటు చూడకుండా చేసే ఇంత గొప్ప ఏర్పాటు మీకు తప్ప ఎవరికి తడుతుంది చెప్పండి.

భరతుడి పేరు వాడుకున్నారు కాబట్టి ఆయన మాటే చెబుతాను. నాట్యశాస్త్రం 27వ అధ్యాయం ప్రదర్శన ఎంతవరకు నెగ్గిందో నిర్ణయించడం గురించే. అందులో న్యాయనిర్ణేతలుగా ఎవరెవరు ఉండాలో రాశాడు: వ్యాకరణం తెలిసినవాడు, విలుకాడు, చిత్రకారుడు, గాయకుడు, వేశ్య, రాజు, ఇంకా కొందరు. ఎవరికి తెలిసిన సంగతిని వాళ్లే చూస్తారు. ప్రదర్శనకు వచ్చే విఘాతాల్లో గాలి, వాన, పాము, ఏనుగులతో పాటు చీమల్ని కూడా వదల్లేదు మహానుభావుడు. సన్మాన సభను ఎలా మర్చిపోయాడో! చప్పట్ల వంటివి, అంటే నవ్వులు, "సాధు" అనడాలు, ఉంగరాలు విసరడాలు, ఇవన్నీ మానుషీ సిద్ధి, అంటే మనుషుల తరహా గెలుపు. దాని పైన దైవీ సిద్ధి అని ఇంకొకటి ఉంది. హాలు నిండుగా ఉండి, చప్పుడూ అలజడీ లేకపోవడం. మొన్న వేరుశెనక్కాయల పెద్దాయన నమలడం మానేశాడన్నానే, అదన్నమాట. దానికి మీ దగ్గర గడి ఏదీ?

సినిమా వాళ్లు మాత్రం ఏం తక్కువ తిన్నారని అంటారేమో. నిజమే, ఒళ్లు పెంచినా తగ్గించినా నటనే అనే రోజులివి. టీవీ పోటీల్లో జడ్జీలే పోటీదారుల కన్నా ఎక్కువ ఏడుస్తున్నారు. కానీ 1988 సంవత్సరానికి జాతీయ ఉత్తమ నటి అవార్డు ఎవరికిచ్చారో గుర్తు తెచ్చుకోండి. "దాసి"లో అర్చనకు. దొర గారి గడీలో, అంటే కోటలాంటి ఇంట్లో, ఊడిగం చేసే పిల్ల. ఆ పాత్ర నోరు విప్పేదే తక్కువ, భరించడమే పని. అక్కడ ఆ కమిటీలో ఎవరో ఒకరు కాగితం మీంచి తల ఎత్తి ఉంటారు.

మీ పుణ్యమా అని ఇప్పుడు రాసేవాళ్లు కూడా మీకోసమే రాస్తున్నారు. ప్రతి పాత్రకూ ఒక పేజీ డైలాగు, చివర ఒక ఏడుపు. పనివాడు కాఫీ ఇచ్చి వెళ్తూ సమాజం గురించి ఉపన్యాసం ఇస్తాడు, ఎందుకంటే ఉత్తమ సహాయ నటుడు బహుమతి ఒకటి ఉంది. ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్లు స్టేజీ మీద బస్సు కోసం నిలబడ్డట్టు నిలబడతారు. రిహార్సల్స్‌లో "నీ సీను వచ్చినప్పుడు చూద్దాంలే" అంటున్నారు పిల్లలతో. ఎవడి సీనయ్యా అది? స్టేజీ మీద ఉన్నంతసేపూ వాడి సీను కాదా? నీ గడి కోసం ఆ పిల్లాడికి వినడం నేర్పడం మానేశారే, సిగ్గుందా నీకు? ఆ తల్లి వేషం వేసినావిడ మళ్లీ ఏడాది ఏం చేస్తుందో తెలుసా? డైలాగులున్న పాత్ర అడుగుతుంది. ఇస్తారు. అరుస్తుంది. బహుమతి వస్తుంది.

కోపంలో ఏకవచనం దొర్లింది, క్షమించాలి. 1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళాపరిషత్తు మొదలైనప్పటి నుంచి తెలుగులో సాంఘిక నాటకం ఊపిరి పీలుస్తున్నది చాలావరకు ఈ పోటీల వల్లే. సొంత డబ్బు పెట్టుకుని, ఆఫీసుకు సెలవు పెట్టి, సెట్టు సామాను వ్యాన్‌లో వేసుకుని ఇంతమంది రాత్రంతా ప్రయాణం చేసి వస్తున్నారంటే చివర్లో మీరున్నారనే. అందుకే మిమ్మల్ని చించమని అడగడం లేదు.

నా కోరిక చిన్నది. ఆహార్యం పది మార్కుల్లోంచి ఐదు తీసి "వినడం" అని ఒక గడి గీయించండి. ఆ గడిని మాత్రం నాటిక నడుస్తుండగా నింపకూడదు, తెర పడ్డాక నింపాలి. న్యాయనిర్ణేతలకు గుర్తుంటే వేస్తారు. గుర్తులేకపోతే సున్నా, అది నటులకు కాదు.

ఇట్లు,
సైడ్ వింగు నుంచి తమ విధేయుడు

తా.క.: ఆ ఉత్తమ నటుడి ఏడుపులో రెండో వాక్యం స్క్రిప్టులో లేదు. మర్చిపోయి మళ్లీ మొదటిదే చెప్పాడు. దానికీ మార్కులు పడ్డాయి.