డాక్టర్ లేని చోట ఎవరైనా డాక్టరేనా?

మా శ్రీకాకుళం వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది: "డిగ్రీ పిల్లలూ, రెండు వారాలు ఆఫ్రికా పల్లెల్లో వైద్య సేవకు రండి. అనుభవం అక్కర్లేదు. ఇంట్లో మిగిలిన మందులు తెచ్చినా చాలు. అసలు వైద్యమే లేనివాళ్లకు ఎంతో కొంత నయమే కదా!" వెళ్దామనుకునే పిల్లల మనసు మంచిదే. వాళ్లకు చెబుతున్న మాటలే తప్పు.

అనుభవం అక్కర్లేదట. మన దేశంలో రిజిస్ట్రేషన్ లేకుండా వైద్యం చేస్తే, 2019 నాటి జాతీయ వైద్య కమిషన్ చట్టం ప్రకారం ఏడాది వరకు జైలు, 5 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. మన ఆసుపత్రిలో బీకాం కుర్రాడు వచ్చి అమ్మకు సూది వేస్తానంటే ఊరుకుంటామా? అక్కడి అమ్మ మాత్రం ఏం పాపం చేసింది? యుద్ధాల మధ్య పనిచేసే అంతర్జాతీయ వైద్య సేవా సంస్థ ఎంఎస్ఎఫ్ (డాక్టర్స్ వితౌట్ బోర్డర్స్) కూడా డాక్టర్లను, నర్సులను కనీసం రెండేళ్ల అనుభవం అడుగుతుంది.

మిగిలిన మందులంటారా, అవి అసలు పట్టుకెళ్లకూడదు. విరాళంగా ఇచ్చే మందులకు ఆ దేశం చేరేసరికి కనీసం ఏడాది గడువు ఉండాలని, రోగులు వాడగా మిగిలినవి ఇవ్వొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు చెబుతున్నాయి.

ఇక "ఎంతో కొంత నయమే" అన్న మాట. నాకు బాధ కలిగేది ఇక్కడే. మాది ఉద్దానం, కవిటి వైపు. ఇక్కడ ఇంతమందికి కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. ఎన్నో బృందాలు వచ్చాయి, రక్తం తీశాయి, ఫొటోలు దిగాయి, వెళ్లిపోయాయి. మాకు పెద్దమ్మ వరసయ్యే ఆవిడ ఇప్పటికీ అంటుంది: "రగతమైతే తీసికెళ్లారు బాబూ, కాయితం మాత్రం మళ్లీ రానేదు." డయాలసిస్ మీద ఉన్న మనిషికి వారానికి రెండు మూడుసార్లు, నాలుగేసి గంటలు మిషన్ కావాలి. 2023 డిసెంబరులో పలాసలో తెరిచిన 200 పడకల ఆసుపత్రి లాంటిది కావాలి, అందులో రోజూ ఉండే మనుషులు కావాలి. ఆఫ్రికా పల్లెలో ఒకరికి బీపీ ఉందని చెప్పి పదిహేను రోజుల మాత్రలిచ్చి వచ్చేస్తే, పదహారో రోజు ఆ మనిషి గతేమిటి?

శుక్లాలకో, గ్రహణం మొర్రికో ఆపరేషన్ చేసే సర్జన్లు, స్థానిక ఆసుపత్రితో కలిసి, అక్కడి డాక్టర్లకు నేర్పుతూ పనిచేస్తే నేను రెండు చేతులా దండం పెడతాను. ఆ మెసేజ్ పిలుస్తున్నది వాళ్లను కాదు.

డబ్బు కట్టేముందు నిర్వాహకులను ఈ ఒక్కటీ అడగండి: మేం తిరిగి విమానం ఎక్కాక ఆ రోగిని చూసేదెవరు? ఆ డాక్టరు పేరు, ఆసుపత్రి పేరు చెప్పమనండి.