ఇంటివాళ్లను గెలవడానికి సైకాలజీ అట!

ఈ వారంలో ఇది నాలుగోసారి. ఒకే మెసేజ్, నలుగురు మిత్రులు. నలుగురూ నాకు కావలసినవాళ్లే. ఒకరైతే "ఇది నీ కోసమే అనిపించింది" అని రాసి మరీ పంపారు. "మీ ఇంటివారిని ప్రభువు కోసం గెలవండి: సైకాలజీ రుజువు చేసిన ఆరు మార్గాలు" అని పైన పెద్ద అక్షరాలు, కింద ముర్రే బోవెన్ అనే అమెరికన్ సైకియాట్రిస్ట్ పేరు, మధ్య మధ్యలో వచనాలు, చివర "పది కుటుంబాలకు పంపండి" అని. మూడుసార్లు ఊరుకున్నాను. ఇక ఊరుకోలేకపోవడానికి కారణం అందులోని నాలుగో పాయింటు. అక్కడికి వస్తాను.

ముందే చెప్పేస్తున్నాను, నేను విశ్వాసిని. సువార్త ఇంట్లో చెప్పకూడదని నేననడం లేదు. బోవెన్‌ని చదివినవాణ్ని కూడా. అందుకే ఒళ్లు మండుతోంది. ఎందుకంటే ఈ మెసేజ్ ఆయన చెప్పినదాన్ని పూర్తిగా తిరగేసి, దానికి ఆయన పేరే తగిలించింది.

మొదటి పాయింటు: కుటుంబాల గురించి బోవెన్ చెప్పిన సిద్ధాంతంలో ఎనిమిది భావనలు, నోవహు ఓడలో రక్షణ పొందినవాళ్లు ఎనిమిది మంది, ఇది యాదృచ్ఛికం కాదట. 1960లలో ఆయన రాసినప్పుడు అవి ఆరే. 1970లలో ఇంకో రెండు కలిపాడు. ఆ మధ్య సంవత్సరాల్లో ఓడలో ఎంతమంది ఉన్నట్టు? ఇక ముందుకు వెళ్దాం.

మూడో పాయింటు ముందు తీసుకుంటాను, మిగతావన్నీ దాని మీదే నిలబడ్డాయి కాబట్టి. "కుటుంబం ఒకే వ్యవస్థ. ఒకరు మారితే మిగతావాళ్లు మారక తప్పదు. మారలేదంటే మీ విశ్వాసంలోనే లోపం ఉంది." ఇందులో మొదటి సగం నిజమే. బోవెన్ 1954 నుంచి 1959 దాకా అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థలో స్కిజోఫ్రీనియా రోగులతో పాటు వాళ్ల తల్లుల్ని, తర్వాత మొత్తం కుటుంబాలనే వార్డులో ఉంచి గమనించాడు. ఇంట్లో ఒకరి టెన్షన్ ఇంకొకరికి ఎలా పాకుతుందో, ఒకరు కుదుటపడుతుంటే పక్కవాళ్లు ఎలా కుంగుతారో అక్కడ చూశాడు. ఒకరు కదిలితే అందరూ కదులుతారన్నది నిజం. కానీ ఏ వైపు కదులుతారు? ముందు వెనక్కే లాగుతారు. ఆ లాగడానికి ఆయన ఒక వరస చెప్పాడు: "నువ్వు చేస్తున్నది తప్పు", ఆ తర్వాత "మళ్లీ మునుపటిలా మారిపో", అదీ కుదరకపోతే "మారకపోతే ఏం జరుగుతుందో చూడు".

కొత్తగా బాప్తిస్మం తీసుకుని ఇంటికి వెళ్లినవాళ్లకు ఈ మూడు మాటలూ బాగా తెలుసు. అందరం సాక్ష్యాల్లో చెప్పుకునేవే. "మా ఇంట్లో నన్ను ఇలా అన్నారు, అలా బెదిరించారు" అని కన్నీళ్లతో చెప్పుకుంటాం. మరి మనం ఇంటివాళ్లతో అంటున్నదేమిటి? "మీరు నమ్మేది తప్పు. మారండి. మారకపోతే నరకం." అదే వరస, అదే మూడు మెట్లు. కాకపోతే మూడో మెట్టు ఇంకా ఎత్తుగా ఉంది. వాళ్లు మనల్ని అంటే దానికి శ్రమలు అని పేరు పెడతాం, మనం వాళ్లను అంటే ఆత్మల భారం అంటాం. ఈ పోలిక నాకు మొదటిసారి తట్టినప్పుడు చాలాసేపు పుస్తకం మూసి కూర్చున్నాను.

ఆయన చెప్పిన డిఫరెన్షియేషన్ అంటే అవతలివాళ్లను మార్చే టెక్నిక్ కాదు. "నేను ఇది నమ్ముతున్నాను, ఇందుకు ఇలా బతుకుతాను" అని వణకకుండా చెప్పగలగడం, చెప్పాక కూడా వాళ్ల పక్కనే కూర్చోగలగడం. రెండూ కలిసే ఉండాలి. 1967లో కుటుంబ చికిత్స నిపుణుల సమావేశంలో ఆయన రోగుల కథలు వదిలేసి తన సొంత ఇంటి కథే చెప్పాడు. అమ్మానాన్నలు, తోబుట్టువుల మధ్యకు వెళ్లి, ఎవరి పక్షమూ చేరకుండా, అలాగని ఎవరినీ వదిలిపోకుండా ఉండటానికి తను ఏళ్ల తరబడి ఏం చేశాడో చెప్పాడు. నిజమే, ముందే ఆలోచించుకుని, ప్లాన్ వేసుకునే వెళ్లాడు. కానీ ఆ ప్లాన్ అంతా తను ఎలా నిలబడాలన్నదాని మీదే. ఇంకొకళ్లను ఎలా పడగొట్టాలన్నదాని మీద కాదు.

ఈ పాయింటు కింద పెట్టిన వచనం అపొస్తలుల కార్యములు 16:31, "నీవును నీ యింటివారును రక్షణ పొందుదురు". చెరసాల నాయకుడితో చెప్పిన మాట. ఆ కింది వచనం కూడా చదివి ఉంటే బాగుండేది. వాక్యం అతని ఇంట్లో ఉన్నవాళ్లందరికీ చెప్పారని ఉంది. వాళ్ల చెవులతో వాళ్లే విన్నారు. ఆ తర్వాత అతను చేసిన పని, ఆ రాత్రే పౌలు సీలల గాయాలు కడగడం, భోజనం పెట్టడం. అతని విశ్వాసాన్ని ఇంటివాళ్ల ఖాతాలో ఎవరూ లెక్క కట్టలేదు. 1 కొరింథీయులకు 7:16లో అయితే "నీ భర్తను రక్షిస్తావో లేదో నీకేమి తెలుసు" అని పౌలే భార్యను అడుగుతాడు. అపొస్తలుడే ఇవ్వని గ్యారంటీ ఈ మెసేజ్ ఇస్తోంది, అది నెరవేరకపోతే నింద మాత్రం మీ మీద వేస్తోంది. నమ్మని తండ్రి చనిపోయాక "నా విశ్వాసంలోనే లోపముందా" అని ఏడ్చినవాళ్లు నాకు తెలుసు. వాళ్ల ఫోన్లకూ ఈ మెసేజ్ వెళ్తుంది కదా!

రెండో పాయింటు: త్రికోణం. "ఇద్దరి మధ్య మాట సాగకపోతే మూడో మనిషిని తీసుకురండి, త్రికోణమే స్థిరమైనదని బోవెన్ అన్నాడు, త్రిత్వం కూడా ముగ్గురే." త్రిత్వం సంగతి వదిలేయండి. ఇద్దరి మధ్య టెన్షన్ పెరిగితే మూడోవాళ్లను లాక్కుంటారని బోవెన్ అన్నమాట వాస్తవం. అలా చేయమని మాత్రం అనలేదు. అలా చేస్తే టెన్షన్ తీరదు, చేతులు మారుతుంది, అంతే. భార్యాభర్తలు ఒకరితో ఒకరు చెప్పుకోలేనిది పాస్టర్ గారి నోట చెప్పిస్తే, ఆ భర్తకు ఇక మీదట పాస్టర్ ముఖం చూస్తేనే భార్య ఫిర్యాదు వినిపిస్తుంది. రబ్బీ, కుటుంబ చికిత్సకుడు అయిన ఎడ్విన్ ఫ్రీడ్‌మన్ 1985లో రాసిన పుస్తకమంతా ఇదే విషయం: మతగురువు నడిపించే సంఘం, ఆ సంఘంలోని కుటుంబాలు, ఆయన సొంత కుటుంబం, ఈ మూడింటి టెన్షన్లూ ఒకదాంట్లోకి ఒకటి కారుతూ ఉంటాయని. పాస్టర్లను ఇంటింటి గొడవల్లోకి లాగేవాళ్లు పాస్టర్ల మీద కూడా జాలి చూపించడం లేదు.

ఇప్పుడు నాలుగోది. మెసేజ్‌లో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను: "పిల్లలే ఇంటి తలుపు. మీరు చెప్తే వినని పెద్దవాళ్లు పిల్లల కన్నీళ్లకు కరుగుతారు. 'తాతయ్యా, నువ్వు పరలోకంలో మాతో ఉండవా' అని మీ బిడ్డ చేత అడిగించండి."

అడిగించండి!

మా అక్క కూతురికి అప్పుడు ఏడేళ్లు. పిల్లల కూటంలో ఒక బొమ్మ వేయించారు. రెండు కొండ అంచులు, మధ్యలో లోయ, లోయ మీద వంతెనలాగా సిలువ. అవతలి అంచున ఇంకా మిగిలిపోయినవాళ్లను గీయమన్నారు. అది కళ్లజోడు పెట్టి మా నాన్నను గీసింది. కింద లోయలో ఎర్ర రంగు నిండా రుద్దింది. ఇంటికి తెచ్చి ఆయన ఒళ్లో కూర్చుని చూపించింది, ఆ ప్రశ్నే అడిగింది, అడుగుతూ అడుగుతూ వెక్కిళ్లు పెట్టింది. ఆ రాత్రి మూడుసార్లు లేచి తాతయ్య గదిలోకి వెళ్లింది. ఎందుకమ్మా అంటే, ఊపిరి ఆడుతోందో లేదో చూస్తున్నానంది.

రెండో రోజు మా నాన్న "సరే తల్లీ, నేనూ వస్తాలే" అన్నాడు. చర్చికి వచ్చాడు. మేమందరం స్తోత్రం చెప్పుకున్నాం. నేనూ చెప్పాను, చేతులెత్తి మరీ. ఈ మెసేజ్ లెక్కలో అది విజయం. మూడు వారాల తర్వాత ఆయన మానేశాడు. పిల్ల నిద్రపోవాలని వచ్చాను, అంతకంటే అబద్ధం ఆడలేను అని నాతో అన్నాడు. ఆ పిల్ల మాత్రం తను సరిగ్గా ప్రార్థన చేయనందుకే తాతయ్య మానేశాడనుకుంది. అది మాతో చెప్పడానికి రెండేళ్లు పట్టింది.

ఏ సైకాలజీ ఒప్పుకుంటుంది దీన్ని? పెద్దవాళ్లు మోయలేని ఆందోళనను బిడ్డ భుజాల మీదకు దించడానికి బోవెన్ పెట్టిన పేరే ఒకటుంది, ఫ్యామిలీ ప్రొజెక్షన్ ప్రాసెస్. దాన్ని ఆయన మందుగా చెప్పలేదు, రోగం పాకే దారిగా చెప్పాడు. సాల్వడార్ మినూచిన్ అనే ఇంకో పెద్ద చికిత్సకుడు 1970లలో రాసినదంతా పెద్దల తరానికీ పిల్లల తరానికీ మధ్య గీత చెరగకూడదనే. పెద్దల గొడవలో పిల్లను ఒక పక్షం చేస్తే ఆ పిల్లే చితికిపోతుందనే. తాతయ్య తన మనవరాలికి భద్రమైన చోటు. ఆ చోటునే తీసుకెళ్లి లోయ అంచున నిలబెట్టాం. ఏడేళ్ల పిల్లకు నిత్యత్వం గురించి ఏం తెలుస్తుంది? తాతయ్య కాలిపోతాడని తెలిసింది, ఆపాల్సింది తనే అని తెలిసింది. చిన్నపిల్లలను అభ్యంతరపరచేవాడి మెడకు తిరుగటిరాయి కట్టి సముద్రంలో ముంచడం మేలు అన్నది ఎవరో బోవెన్ కాదు, ప్రభువే. ఆరు పాయింట్లకూ వచనాలు వెతికినవాళ్లకు మత్తయి 18 కనబడలేదు కాబోలు!

ఐదోది: "పవిత్రమైన ఎడబాటు". వాళ్లు నమ్మేవరకు ఫోన్లు తగ్గించండి, రాకపోకలు ఆపండి, ఒంటరితనం వాళ్లను దేవుని దగ్గరకు తెస్తుంది, బోవెన్ దీన్ని ఎమోషనల్ కటాఫ్ అన్నాడు. అన్నాడు బాబూ, సమస్యల జాబితాలో అన్నాడు! తెంచుకుని పారిపోయినవాళ్లకు కూడా, ఇల్లు వదలలేనివాళ్లంత గట్టిగానే ఇల్లు లోపల అతుక్కుని ఉంటుందన్నాడు. దూరం వెళ్లినంత మాత్రాన విడుదల రాదు. పైగా నమ్మని భర్త కాపురం చేయడానికి ఇష్టపడితే అతన్ని విడిచిపెట్టవద్దని పౌలు స్పష్టంగా రాశాడు. గెరాసేనుల దేశంలో బాగుపడిన మనిషి యేసు వెంటే వస్తానని బతిమాలితే, ఆయన "నీ ఇంటివాళ్ల దగ్గరకు వెళ్లు" అనే పంపాడు.

ఇక్కడ ఒకటి ఒప్పుకోవాలి. లూకా 12 నిజంగానే ఉంది. ఒకే ఇంట్లో ఐదుగురు, ఇద్దరికి విరోధంగా ముగ్గురు, తండ్రీ కొడుకూ, తల్లీ కూతురూ, అత్తా కోడలూ చీలిపోతారని యేసే అన్నాడు. మెసేజ్ ఎత్తిచూపింది కూడా దీన్నే. దాన్ని మెత్తగా చేసి చెప్పడం నాకు చేతకాదు. విశ్వాసం ఇంట్లో చీలిక తెస్తుంది, తెచ్చింది కూడా. కానీ చీలిక వస్తుందని చెప్పడం వేరు, చీల్చమని చెప్పడం వేరు.

ఇంకొకటి కూడా ఒప్పుకుంటాను, ఇది నా మిత్రులు నా నుంచి ఎదురుచూడరేమో. మెసేజ్‌లో "మౌనం ప్రేమ కాదు" అని ఒక వాక్యం ఉంది. అది సరైన మాట. పిల్ల విషయం తర్వాత నేను భయపడి నాన్న దగ్గర దేవుడి పేరే ఎత్తడం మానేశాను. దాన్ని గౌరవం అనుకున్నాను. నిజానికి గొడవ వస్తుందన్న టెన్షన్‌తో నాలో పెద్ద భాగాన్ని ఆయనకు కనబడకుండా దాచాను. బోవెన్ లెక్కలో అదీ ఒక రకం దూరమే. అంతకు ముందు ఏళ్లలో ప్రతి ఫోన్ కాల్ చివరి ఐదు నిమిషాలూ సువార్తకు కేటాయించేవాణ్ని, ఆ నిమిషం రాగానే ఆయన ఫోన్ అమ్మకు ఇచ్చేసేవాడు. నేను వెంటపడేకొద్దీ ఆయన జరిగేవాడు, ఆయన జరిగేకొద్దీ నేను వెంటపడేవాణ్ని. తర్వాత మౌనం. రెండింటిలోనూ ఆయనతో మాట్లాడింది నా భయమే.

ఇప్పుడు ఆదివారం ఏం చేశావని అడిగితే ఏం చేశానో చెప్తాను, ఏం ప్రార్థించానో చెప్తాను, అక్కడితో ఆపుతాను. ఆయన తన మోకాళ్ల నొప్పి చెప్తే వింటాను. ఫోన్ అమ్మకు ఇవ్వడం లేదు.

ఆరోది, "ఇంట్లో నమ్మని ఒక్కరి వల్ల దీవెన ఆగిపోతుంది". ఇంటి కష్టాలన్నీ ఒకే మనిషి తలకు చుట్టి, అతన్నే రోగిగా నిలబెట్టడం ఎలా జరుగుతుందన్నదే కుటుంబ చికిత్సలో మొదటి పాఠం. దీనికి ఇంతకంటే జవాబు అక్కర్లేదు.

పది కుటుంబాలకు పంపమన్నారు. నేను పంపను. పంపిన మీ నలుగురికీ ఒకటే చెప్తున్నాను. మిగతా ఐదు పాయింట్లూ మీ ఇష్టం, వాదించుకుందాం. నాలుగోది మాత్రం మీరు పంపిన ప్రతిచోటా వెనక్కి తీసుకోండి. మీ ఇళ్లలో పిల్లలున్నారు. ఈ రాత్రి పడుకోబెట్టేటప్పుడు పక్కన కూర్చుని, ఎవరి గురించైనా భయపడుతున్నావా అని అడగండి. చెప్పడానికి టైం పడితే, అంతసేపూ కూర్చోండి.