రెండు చేతులూ కట్టలకే పోతే

ఉత్తరాలు పంచే మనిషికి ఒక చెయ్యి పని కోసం, ఇంకో చెయ్యి తన కోసం కావాలి. మెట్ల పక్కన కమ్మీ పట్టుకోవాలన్నా, గేటు గడియ తీయాలన్నా, కుక్క మీదికొస్తే సంచి అడ్డం పెట్టాలన్నా ఆ రెండో చెయ్యే దిక్కు. 2010లో విన్నిపెగ్ నగరంతో మొదలుపెట్టి కెనడా ప్రభుత్వ తపాలా సంస్థ కెనడా పోస్ట్ తెచ్చిన రెండు కట్టల పద్ధతి దాన్ని కూడా పనిలో పెట్టేసింది. కెనడా తపాలా కార్మికుల యూనియన్ దీన్ని వ్యతిరేకించడం ఉత్తరాలు పేర్చే యంత్రాలంటే పడక కాదు.

పాత పద్ధతిలో పోస్ట్‌మ్యాన్ డిపోలో అరల ముందు నిలబడి చిన్న ఉత్తరాలు, పెద్ద కవర్లు అన్నీ ఇళ్ల వరసలో కలిపి సర్దుకునేవారు. దారిలోకి దిగాక ముంజేతి మీద ఒక్కటే కట్ట ఉండేది. కొత్త పద్ధతిలో యంత్రం చిన్న ఉత్తరాలను ఇళ్ల వరసలోనే పేర్చి ట్రేలలో పంపుతుంది. ఆ కట్టను విప్పి మిగతావాటితో కలపడానికి వీల్లేదు, అలా కలిపితే డిపోలో ఆదా అయిన సమయం పోతుంది కదా! పెద్ద కవర్లు, యంత్రం చదవలేక వదిలేసిన చిరునామాలు చేత్తో సర్దిన రెండో కట్టగా వస్తాయి. ఒకటి ముంజేతి మీద, ఇంకొకటి గుప్పిట్లో.

చిక్కంతా ఇక్కడే ఉంది. ప్రతి ఇంటికీ రెండు కట్టల పైకాగితాలూ చూడాలి, రెండిట్లో ఏది ఆ ఇంటిదో తేల్చుకోవాలి. ఒక కట్టలో ఉన్న ఇల్లు రెండో దాంట్లో ఉండకపోవచ్చు. నడుస్తూ చూడకపోతే కేటాయించిన సమయంలో బీట్, అంటే ఒక పోస్ట్‌మ్యాన్ రోజూ తిరిగే దారి, పూర్తికాదు, చూస్తే కాలికింద మెట్టు కనిపించదు. మంచు కురిసే ఊళ్లలో దీని ఫలితమేమిటో చెప్పక్కర్లేదు. పడిపోయేటప్పుడు ఆనుకోవడానికి చెయ్యి ఖాళీ ఉండదు. పడకపోయినా, గంటల తరబడి బొటనవేలితో కట్టను నొక్కిపట్టి, మణికట్టు తిప్పి ఉంచితే ఆ నొప్పి మోచేతికీ భుజానికీ పాకుతుంది.

అమెరికా తపాలా శాఖ భుజాన మోసే బరువుకు సంచితో సహా 35 పౌండ్ల పరిమితి పెట్టింది, అంటే దాదాపు 16 కిలోలు. అక్కడి పోస్ట్‌మ్యాన్ల విధుల పుస్తకం ఎం-41 కరదీపిక మెట్లెక్కి దిగేటప్పుడూ, రోడ్డు దాటేటప్పుడూ ఉత్తరాలు వేళ్లతో తిరగేయొద్దని స్పష్టంగా చెబుతుంది. మంచి నిబంధనే. అయితే కేటాయించే సమయాన్ని కూడా దానికి తగ్గట్టే లెక్కకట్టాలి, లేకపోతే ఆ నిబంధన ప్రమాదం జరిగాక తప్పు కార్మికుడిమీదికి నెట్టడానికే పనికొస్తుంది.

ప్రమాదకరమైన పనిని నిరాకరించే హక్కు కెనడా కార్మిక చట్టం 128వ సెక్షన్‌లో ఉంది. ఎదురుగా కనిపించే ముప్పుకు అది సరిపోతుంది. ఏళ్లకొద్దీ అరిగిపోయే భుజం విషయంలో ఏ రోజున నిరాకరించాలి?

తనిఖీల సంగతీ అంతే. 2012లో ఒంటారియోలోని బర్లింగ్టన్ డిపో నుంచి ఒక ఫిర్యాదు వెళ్లింది. భద్రతా కమిటీ డిపో భవనాన్నే చూస్తోందని, బట్వాడా దారులను కూడా తనిఖీ చేయాలని యూనియన్ అడిగింది. కేసు కెనడా సుప్రీంకోర్టు దాకా వెళ్లి 2019 డిసెంబరులో తేలింది. యజమాని, అంటే పని ఇచ్చే సంస్థ, అదుపులో ఉన్న చోటికే తనిఖీ బాధ్యత వర్తిస్తుందన్న అప్పీళ్ల అధికారి నిర్ణయం సమంజసమేనని ఏడుగురు న్యాయమూర్తులు అన్నారు. మిగతా ఇద్దరు న్యాయమూర్తులు అబెల్లా, మార్టిన్ విభేదించారు. 7.2 కోట్ల కిలోమీటర్ల దారులు, 87 లక్షల చిరునామాలు యజమాని ఆస్తి కావన్నది కాదనలేని మాటే.

కానీ అదే చట్టం 125వ సెక్షన్ ఇంకో మాట కూడా అంటుంది. చోటు యజమాని అదుపులో లేకపోయినా, అక్కడ జరిగే పని ఎంతవరకు అతని అదుపులో ఉంటే అంతవరకు బాధ్యత అతనిదే. మెట్లు ఇంటివాళ్లవి, మంచు ఆకాశానిది. చేతిలో ఎన్ని కట్టలుండాలన్నది మాత్రం పూర్తిగా సంస్థ నిర్ణయం. ఈ తేడాను మరుగున పెట్టి తీర్పును చూపించడం సరికాదని మా అభిప్రాయం.

ఉత్తరాలు తగ్గిపోతున్నాయి, ఖర్చు తగ్గాలి, ఒప్పుకుంటాం. యంత్రాన్ని పక్కన పెట్టమనీ అనడం లేదు. యంత్రం పేర్చిన వరసను డిపోలోనే రెండో కట్టతో కలిపే సమయం ఇవ్వాలి. కనీసం మెట్లు ఎక్కువున్న బీట్లలోనైనా ఇవ్వాలి. అది కుదరని చోట ఆగి చూసుకోవడానికి పట్టే సెకన్లను బీట్ కొలతలో చేర్చాలి. మార్పు ఏదైనా ముందు చలికాలంలో, నిజమైన బీట్ మీద, కార్మిక ప్రతినిధి సమక్షంలో పరీక్షించాలి.

కోట్ల కిలోమీటర్లనూ ఏటా తనిఖీ చేయలేమంటే, రోజూ నడిచేవాళ్లు రాసిచ్చినదాన్నే ఆధారం చేసుకోవచ్చు. విరిగిన మెట్టు, కట్టేయని కుక్క, నీళ్లు గడ్డకట్టే మలుపు, అన్నీ బీట్ వారీగా ఒక కాగితం మీదికి రావాలి. సెలవులో ఉన్నవారి బదులు వచ్చే మనిషికి ఆ దారి కొత్త. అందుకే ఆ కాగితం ముందు చేతికిచ్చి, చదివే సమయమిచ్చి, ఆ తర్వాతే ఉత్తరాలు అప్పగించాలి.