ఫ్లష్ కొట్టి సబ్‌మెరైన్ ముంచేశాడంట!

పొద్దున్నే ఆరింటికి ఫ్యామిలీ గ్రూపులో మా బావగారి రీల్. 'ఫ్లష్ కొట్టి సొంత సబ్‌మెరైన్‌నే ముంచుకున్న జర్మన్ కెప్టెన్' అంట, కింద వరసగా నవ్వే బొమ్మలు, మా పిన్ని కూడా నవ్వేసింది. నేను నోరు మూసుకోవచ్చు కదా, మూసుకోను. బావగారూ, ఆ కెప్టెన్ కార్ల్ అడాల్ఫ్ ష్లిట్, ఆయన చెప్పినదాని ప్రకారం ఆ టైంకి తను ఇంజిన్ రూంలో డీజిల్ ఇంజిన్ రిపేర్ దగ్గరున్నాడు, ముందువైపు టాయిలెట్ దగ్గర నీళ్లొస్తున్నాయని కబురొస్తే తెలిసింది అని మర్యాదగానే పెట్టా. రిప్లై ఏంటో తెలుసా? 'మరదలా, నీకు జోకు కూడా అర్థం కాదా.'

సరే, మీరైనా వినండి. ఆ పడవ యు-1206. టైప్ 7సి, జర్మన్లు అయిదొందలకి పైగా కట్టిన మోడల్. పొడవు 67 మీటర్లు, లోపల యాభై మంది. వైజాగ్ ఆర్కే బీచ్‌లో కురుసురా సబ్‌మెరైన్ మ్యూజియం ఎక్కి 'అమ్మో ఊపిరాడట్లేదు' అని పిల్లల కంటే ముందు బయటికొచ్చేసిన మనిషి ఈ బావగారే, అదేమో 91 మీటర్లుంటుంది, పైగా ఇసక మీద నిలబడి ఉంది!

ఆ మోడల్లో టాయిలెట్లు రెండే, వంటింటి పక్కదాంట్లో బయల్దేరేటప్పుడు సరుకులు కుక్కేసేవాళ్లు, అంటే అందరికీ ఒకటే. లోతుకెళ్తే బయట నీటి ప్రెజర్ ఎక్కువ కాబట్టి పాత టాయిలెట్లు పైపైన ఉన్నప్పుడే పనిచేసేవి. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో విమానాలకి భయపడి ఎక్కువసేపు కిందే దాక్కోవాల్సొచ్చింది, అందుకని లోతులో కూడా పనిచేసే కొత్తరకం పెట్టారు. ఒక వాల్వు తిప్పాలి, తర్వాత ఇంకోటి, మధ్యలో ఛాంబర్, చివర్లో గాలి ప్రెజర్‌తో బయటికి తన్నాలి. వరస తప్పిందా, సముద్రం మీ ఒళ్లో. దాన్ని వాడ్డానికి ట్రైనింగ్ అయిన మనిషి కావాలి. టాయిలెట్‌కి! ఆపరేటర్!

1945 ఏప్రిల్ 14న స్కాట్లాండ్‌లో పీటర్‌హెడ్ దగ్గర, దాదాపు 60 మీటర్ల లోతులో ఆ నీళ్లొచ్చి కిందున్న బ్యాటరీల మీద పడ్డాయి. ఉప్పునీళ్లు యాసిడ్‌లో కలిస్తే క్లోరిన్ గ్యాస్, ఇంక పైకి తేలక చస్తారా, తేలగానే బ్రిటిష్ విమానం. పడవని జర్మన్లే ముంచేసి వదిలేశారు. నలుగురు పోయారు, 46 మంది ఖైదీలు. యుద్ధానికని బయల్దేరడం అదే మొదటిసారి, వారం అయిందో లేదో, ఒక్క ఓడని కూడా ముంచలేదు, ఇంకో నెల ఆగితే యుద్ధమే అయిపోయేది. నాజీల కోసం ఏడవమని నేనేం చెప్పట్లేదు, ముంచడానికే బయల్దేరారు, మునిగారు. కానీ ఎనభై ఏళ్లుగా నవ్వేది ఎవరిని చూసి? టాయిలెట్‌కి వెళ్లినవాణ్ణి చూసి. అంత దరిద్రపు వాల్వులు గీసినవాడి మీద ఒక్క రీల్ ఉంటే పంపండి చూస్తా.

ఎప్పుడూ ఇంతే కదా. మా ఫ్లాట్‌లో గోడలోపల దాచిన ఫ్లష్ ట్యాంకు, మూడేళ్లుగా కారుతోంది, కిందింటి ఆంటీ సీలింగ్ మొత్తం పెచ్చులూడింది. బిల్డర్ పంపినవాడు వచ్చి టైల్స్ మీద టార్చి కొట్టి చూసి 'మీరు బటన్ గట్టిగా నొక్కుతున్నారు మేడం' అన్నాడు. మరి దణ్ణం పెట్టమంటావా నాయనా? అసోసియేషన్ వాట్సాప్‌లో అయితే 'బి బ్లాక్ వాళ్లకి వాడకం తెలీదు' అని ఓ పెద్దమనిషి, ఆయనింట్లో బకెట్టూ మగ్గే. గోడ పగలగొట్టాలంటే మా ఖర్చు, ఆంటీ సీలింగ్ మా ఖర్చు, తప్పు కూడా మాదే.

ఇంతకీ ఆ ఫ్లాట్ మాకు చూపించి, 'బాత్‌రూం ఫిట్టింగులన్నీ జర్మన్ టెక్నాలజీ, కళ్లు మూసుకుని కొనేయండి' అని అడ్వాన్సు కట్టించింది ఎవరనుకుంటున్నారు?

ఈ ముక్క కూడా గ్రూపులో పెట్టా. బ్లూ టిక్కులు పడి గంటన్నర అయింది, ఒక్క ఎమోజీ రాలేదు. కిందింటి ఆంటీ కాల్ చేస్తోంది, ఉంటా.