సెకండ్ లాట్ స్వాములు

రాయగడ నుంచి జయపురం దాకా, పర్లాకిమిడి నుంచి బరంపురం దాకా, తెలుగు వినబడే ఏ మొబైల్ షాపులోకి వెళ్లినా కౌంటరుకి ఇవతల ఒక స్వామి ఆసీనుడై ఉంటాడు. కొనడు, అమ్మడు, ఉపదేశిస్తాడు. "ఏటి తమ్ముడూ అంత తొందర? ఫస్ట్ లాట్‌లో అన్నీ లోపాలే. సెకండ్ లాట్ రానీ, అన్నీ సర్దేస్తారు." తమ్ముడు తలూపుతాడు. షాపతను పళ్లు నూరుకుంటాడు. స్వామివారి టీ డబ్బులు తమ్ముడే కడతాడు.

ఇంతటి సిద్ధాంతాన్ని ఊరికే కొట్టిపారేయకూడదు. శ్రద్ధగా పరిశీలిద్దాం. మొదటి సందేహం: ఈ సెకండ్ లాట్ ఎక్కడ కనబడుతుంది? డబ్బా మీద తయారైన నెల, సంవత్సరం ఉంటాయి. ఎమ్మార్పీ ఉంటుంది. తయారుచేసినవాడిదో, దిగుమతి చేసుకున్నవాడిదో చిరునామా ఉంటుంది. "ఇది రెండో లాటు, ధైర్యంగా కొనుక్కోండి" అని ఏ కంపెనీ అచ్చు వేయించలేదు. అసలు ఫ్యాక్టరీలో ఇక్కడితో ఒకటో లాటు అయిపోయింది అని కొబ్బరికాయ కొట్టరు. నడుస్తున్న లైనులోనే మార్పులు ఒక్కొక్కటిగా దూరుతుంటాయి. ఈ వారం జిగురు మారుతుంది, వచ్చే నెల కెమెరా సప్లయరు మారతాడు, ఆ పైనెల ఓ స్క్రూ కింద నురుగు ముక్క వచ్చి చేరుతుంది. ఎవరికీ చెప్పరు.

స్వామి మాటలో నిజం లేకపోలేదు. అది ఎందుకు నిజమో ఆయనకి తెలియదు, అంతే.

ఫోను మూడు మెట్లు ఎక్కి బజారుకి వస్తుంది. ఈవీటీ, డీవీటీ, పీవీటీ అని మూడు పరీక్షలు. ఈవీటీలో డిజైను పనిచేస్తుందా లేదా చూస్తారు. డీవీటీలో పడేసి, తడిపి, వేడిచేసి నిలుస్తుందేమో చూస్తారు. పీవీటీలో అదే సరుకుని అసలు లైను మీద, అసలు వేగంతో చేయగలమా అని చూస్తారు. విడుదల తేదీ మాత్రం ముహూర్తం పెట్టినట్టు ముందే ఖాయం. ఆ రోజుకి షాపుల్లో సరుకు ఉండాలి కాబట్టి, లైను మీద మనుషులకి ఇంకా చెయ్యి తిరగకముందే లక్షల ఫోన్లు తయారైపోతాయి. లోపలి భాగాల్ని కలిపే ఫ్లెక్స్ కేబుల్ కనెక్టరు సగమే కూర్చుంటుంది. స్క్రీను జిగురు ఆరేదాకా బిగించి ఉంచాల్సిన సమయంలో కోత పడుతుంది, ఓ మూల అంచు లేస్తుంది. కెమెరా అద్దం లోపల దుమ్ము చేరుతుంది. ఇవి కంటికి కనబడే తప్పులు. కనబడనిది సోల్డరు, అంటే చిప్పుల్ని బోర్డుకి అతికించే లోహం. సీసం లేని సోల్డరు 217 డిగ్రీల దగ్గర కరగడం మొదలవుతుంది. ఆ లోహాన్ని కరిగించే రీఫ్లో ఓవెన్‌లో బోర్డు 240 దరిదాపులకి వెళ్లి రావాలి. పెద్ద చిప్పు కిందికి ఆ వేడి సరిగా అందలేదా, అతుకు పడినట్టే ఉంటుంది, పరీక్షా పాసవుతుంది. కొన్నాళ్లు వేడెక్కి చల్లారి, వేడెక్కి చల్లారి ఊడుతుంది. ఇక ఫోను కంపెనీ లోగో చూపించి ఆరిపోవడం, మళ్లీ లోగో చూపించడం.

ఇలా చెడి తిరిగొచ్చిన ఫోన్లని విప్పి, కారణం పట్టుకుని, లైనుకి కబురందించేసరికి వారాలు పడుతుంది. ఆ కబురుకి ఖర్చు పెట్టుకున్నది తొలిరోజు కొన్నవాళ్లు. కొత్త ఇంట్లోకి ముందు ఆవుని పంపిస్తాం చూడండి, ఫోను కంపెనీకి ఆ ఆవులు వీళ్లు. కాకపోతే ఆవుకి పసుపు రాసి అరటిపళ్లు పెడతాం, దాని దగ్గర ఈఎంఐ వసూలు చెయ్యం.

కాబట్టి అతుకుల తప్పులు, బిగింపు తప్పులు నెలలు గడిచేకొద్దీ తగ్గుతాయి. సాఫ్ట్‌వేరు తప్పులు ఇంకా తొందరగా తగ్గుతాయి. 2023 సెప్టెంబరులో ఐఫోన్ 15 ప్రో మరీ వేడెక్కిపోతోందని గోల లేచింది, అక్టోబరు మొదట్లో దాన్ని సర్దే అప్‌డేట్ ఐఓఎస్ 17.0.3 వచ్చింది. దానికి సెకండ్ లాట్ అక్కర్లేదు స్వామీ, వైఫై చాలు.

డిజైనులోనే తప్పుంటే? 2014 సెప్టెంబరులో వచ్చిన ఐఫోన్ 6 ప్లస్‌కి, అంతకుముందరి 5ఎస్ కంటే వంగే అవకాశం 7.2 రెట్లు ఎక్కువని కంపెనీ సొంత పరీక్షల్లోనే తేలింది. ఆ సంగతి 2018లో కోర్టు కాగితాల్లో బయటపడింది. ఒళ్లు వంగి వంగి టచ్ చిప్పు అతుకులు వదిలేసేవి, స్క్రీను పైభాగంలో బూడిదరంగు పట్టీ మినుకుమనేది, వేలు పెడితే పలికేది కాదు. ఆ చిప్పు కింద ఎపాక్సీ అనే గట్టి జిగురు నింపడం మొదలెట్టింది 2016 మే నెలలో. అంటే స్వామివారి సెకండ్ లాట్ 20 నెలలకి దిగింది! ఈలోపు కొన్నవాళ్లకి కంపెనీ చెప్పింది: గట్టి నేల మీద చాలాసార్లు పడేసి ఉంటారు, రిపేరు 149 డాలర్లు.

నిక్కమైన సెకండ్ లాట్ కావాలంటే శాంసంగ్ గెలాక్సీ నోట్ 7 ఉంది. 2016 ఆగస్టు 19న అమ్మకానికొచ్చింది, మంటలు లేచాయి, సెప్టెంబరు 2న 25 లక్షల ఫోన్లు వెనక్కి పిలిచారు. బ్యాటరీ తయారీదారుని మార్చి కొత్తవి ఇచ్చారు. అవీ కాలాయి. అక్టోబరులో ఆ ఫోనుకే స్వస్తి. మొదటి బ్యాటరీలో బయటి సంచి మూల ఇరుకై నెగటివ్ ఎలక్ట్రోడ్ వంగింది. రెండోదాంట్లో వెల్డింగ్ ముళ్లు లోపలి పొరని పొడిచాయి, కొన్నింటికి ఇన్సులేషన్ టేపే వేయలేదు. సర్దేశారు అంటే ఇదే.

మరీ ఎక్కువ ఆగితే వేరే సుఖం. గోదాములో పడున్న ఫోను బ్యాటరీ ఊరుకోదు, మన వేసవి వేడికి మరింత త్వరగా సత్తువ కోల్పోతుంది, పూర్తిగా దిగిపోతే సెల్లే పాడవుతుంది. డబ్బా మీద నెల చూడమనేది అందుకే. విడుదలకి ముందు నెలదైతే తొలి సరుకు, ఏడాది దాటినదైతే మూలన పడ్డ సరుకు. ఈ రెంటి మధ్యదైతే కొంత నయం. స్వామివారి వేదాంతంలో పనికొచ్చే భాగం ఇంతే.

మన సరిహద్దు మనుషులు కంపెనీలకి చేసే ఉచిత సేవ ఇంకోటుంది. పర్లాకిమిడిలో నిలబడితే ఇటు ఒడిశా టవరు, అటు పాతపట్నం వైపు ఆంధ్రా టవరు. ఫోను అటు దూకాలా ఇటు ఉండాలా అని ఊగుతుంది. టవరుతో మాట్లాడే మోడెమ్ సాఫ్ట్‌వేరు పచ్చిగా ఉంటే ఆ ఊగులాటలోనే కాల్ తెగుతుంది, బ్యాటరీ కరుగుతుంది, వీపు కాలుతుంది. ఏ ల్యాబులోనూ కుదరని పరీక్ష ఇది. రోజూ చేసిపెడుతున్నాం, జీతం అడగట్లేదు.

ఇక సర్వీసు సెంటరు అనే దేవాలయం. మనం కొన్న బ్రాండుకి రాయగడలో సెంటరు ఉండదు. అందుకని రాయగడ మనిషి పొద్దున్నే రైలెక్కి, పార్వతీపురం, బొబ్బిలి, విజయనగరం దాటి విశాఖ చేరతాడు. టోకెను తీసుకుంటాడు. ఏసీ హాలు. ఆయనతో పాటు ఫోనూ గంటన్నర ఏసీలో కూర్చుంటుంది. పుట్టి బుద్ధెరిగి అంత హాయి ఎరగదు అది. వంతు వచ్చాక ఇంజినీరు గారు దాన్ని చెంపకి ఆనించుకుని "వేడి లేదే సార్" అంటాడు.

"ఊర్లో వేడెక్కిపోతంది బాబూ."

"ఇక్కడ చూపించండి."

ఇక్కడ చూపించాలంటే మే నెల మధ్యాహ్నాన్ని సంచిలో వేసుకు రావాలి. వీలుకాదు కాబట్టి మనవాడు బయటికి పరిగెడతాడు. రోడ్డు మీద ఎండలో నిలబడి, వీడియో పెట్టి, వీడియో కాల్ చేసి, అల్లుడితో అక్కర్లేని యోగక్షేమాలు మాట్లాడి, ఫోను బాగా కాలాక రుమాల్లో చుట్టుకుని లోపలికి ఉరుకుతాడు. గుమ్మం దగ్గర సెక్యూరిటీ: "టోకెన్ అండీ?" కొత్త టోకెను. మళ్లీ కుర్చీ. మళ్లీ ఏసీ. రెండో విడత బతిమాలి ముందుకెళ్లి వేడివేడి ఫోను అందిస్తే ఇంజినీరు గారు చిరునవ్వు నవ్వుతాడు: "ఎండలో పెడితే ఏ ఫోనైనా అంతే సార్. 35 డిగ్రీల లోపు వాడాలి, బుక్‌లో ఉంది." నిజమే, ఉంది. పేరున్న ఫోన్లలో చాలావాటి పుస్తకాల్లో సున్నా నుంచి 35 అనే ఉంటుంది. మన దగ్గర మే నెలలో 35 ఎప్పుడు దాటుతుందో కోడిని అడిగినా చెబుతుంది. తర్వాత సిమ్ ట్రే తీసి లోపల తెల్లగా ఉండాల్సిన తడి గుర్తు గులాబీరంగుకి తిరిగిందని కనిపెడతారు. నీళ్లలో పడిందా అని అడుగుతారు. చెమట అంటే నమ్మరు. చివరికి సాఫ్ట్‌వేరు కొత్తగా ఎక్కిస్తాం, డేటా అంతా పోతుంది, ఇక్కడ సంతకం అంటారు. జాబ్ షీటు మీద రాసేది: సమస్య కనబడలేదు.

కనబడలేదా? ఆ మనిషి ఒక రోజు కూలి పోయింది, రానూపోనూ ఛార్జీ పోయింది, పిల్లల ఫొటోలు పోయాయి, బ్యాంకు యాప్ మళ్లీ మొదటినుంచి ఎక్కించుకోవాలి. ఐదో తారీఖున ఈఎంఐ మాత్రం ఆగకుండా కోసుకున్నారు. కస్టమర్ కేర్‌కి రాస్తే, పిన్‌కోడ్ 765001 చూసి హిందీ, ఇంగ్లీషు, ఒడియా చూపిస్తారు. తెలుగు కావాలంటే ఆంధ్రాలో పుట్టాల్సింది. ఆంధ్రాలో కొన్న ఫోను అంటే, మీరుండేది ఒడిశా కదా అంటారు. వారంటీ కార్డు మీద ఇండియా అని అచ్చేసినవాడు సిగ్గుపడాలి. ఆ పోయిన రోజు, విడుదల తేదీ తప్పకూడదని ఫ్యాక్టరీలో మిగుల్చుకున్న గంటలే. దొంగిలించింది ఈ మనిషి దగ్గర! దానికి "ఫస్ట్ లాట్ కదా, మామూలే" అని తలపంకించే స్వాములు ఆ దొంగతనానికి మంత్రం చదువుతున్నారు.

కొనేవాళ్లు చేయాల్సింది వేరే. డబ్బు కట్టకముందే *#06# కొట్టి వచ్చిన ఐఎంఈఐని, అంటే ఫోను గుర్తింపు నంబరుని, డబ్బాతో, బిల్లుతో పోల్చండి. కేవైఎం అని ఇంగ్లీషు అక్షరాల్లో రాసి, చోటు వదిలి, ఆ నంబరు వేసి 14422కి మెసేజ్ పంపండి, నంబరు అసలుదో కాదో తేలుతుంది. ఇంటికెళ్లగానే అప్‌డేట్లన్నీ ఎక్కించి, ఆ తర్వాతే పరీక్ష మొదలెట్టండి. చీకటి గదిలో వెలుగు బాగా తగ్గించి తెలుపు, బూడిద, ఎరుపు, ఆకుపచ్చ రంగులు స్క్రీను నిండా చూస్తే గీతలు, మరకలు బయటపడతాయి. శాంసంగ్‌కి *#0*#, షావోమీకి *#*#6484#*#* నొక్కితే పరీక్షల మెనూ వస్తుంది. మైకులు ఒకటి కాదు కాబట్టి మామూలు రికార్డింగు, స్పీకర్ కాల్, ముందు కెమెరా వీడియో, వెనక కెమెరా వీడియో విడివిడిగా విని చూడండి. రెండు సిమ్ములూ వేసి మాట్లాడండి. రాత్రి వాడకుండా పెట్టిన ఫోను తెల్లారేసరికి 15 శాతం దిగితే ఏదో ఉంది. ఇవన్నీ ఫోను మార్చి ఇచ్చే గడువులోపలే. ఆ గడువులో లోపం తేలితే "రిపేరు చేస్తాం" అన్నా ఒప్పుకోకండి, మార్చమనండి. గడువు దాటాక మీది విప్పి బిగించిన ఫోను.

వేడెక్కేది ఊళ్లోనే వీడియో తీసుకెళ్లండి, పక్కన థర్మామీటరు పెట్టి మరీ. జాబ్ షీటు మీద మీ మాటల్లో ఫిర్యాదు రాయించకుండా ఫోను వదలకండి. కుదరకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోను చేయండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరున్న జిల్లాలోనే వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయొచ్చు, 5 లక్షల లోపు కొనుగోలుకి ఫీజు కూడా లేదు. అంటే కంపెనీ జవాబు చెప్పాల్సింది విశాఖ ఏసీ హాల్లో కాదు, రాయగడలో. వాయిదా మే నెలలో పడితే మరీ మంచిది.