విత్తనపు గింజలు వండుకు తింటారా?

వేల్స్‌లో నాలుగు ప్రాంతీయ రగ్బీ జట్లు మూడు కాబోతున్నాయి. 2025 అక్టోబరులో వెల్ష్ రగ్బీ యూనియన్ ఆ నిర్ణయం ప్రకటించినప్పటి నుంచీ అందరి నోటా ఒకటే ప్రశ్న: పోయేది ఏ జట్టు? కార్డిఫ్‌కు ఒకటి, తూర్పుకు ఒకటి, పశ్చిమానికి ఒకటి అన్నారు. పశ్చిమాన ఉన్నవేమో రెండు, స్కార్లెట్స్, ఆస్‌ప్రీస్. లైసెన్సు ఎవరికి దక్కుతుంది, స్టేడియం ఎవరిది, యజమాని ఎవరు అనే వాదనలకు అంతూ పొంతూ లేదు. ఆ గోలలో పదిహేనేళ్ల కుర్రాడి ఊసే వినిపించడం లేదు. మాకు కోపం తెప్పిస్తున్నది అదే.

ప్రాంతీయ జట్టంటే వారాంతంలో మైదానంలోకి దిగే 23 మందేనా? వాళ్ల కింద ఒక నిచ్చెన ఉంది. బడి తరఫున ఆడే పిల్లవాడు ముందు జిల్లా పాఠశాలల జట్టుకు ఎంపికవుతాడు. అక్కడ రాణిస్తే ప్రాంతం తరఫున అండర్-16, ఆపైన అండర్-18. చదువు మానకుండానే సాయంత్రాలు అకాడమీకి వెళ్లి బరువులెత్తుతాడు. రెండు జట్లవాళ్లూ గుంపుగా భుజాలు కలిపి నెట్టుకునే స్క్రమ్‌లో మెడ ఎలా నిలపాలో, బంతి పట్టినవాణ్ని పడగొట్టే టాకిల్ చేసేటప్పుడు తల ఎటు ఉంచాలో అక్కడే నేర్చుకుంటాడు. ఆ తర్వాత 2024లో మొదలైన వేల్స్ క్లబ్బుల లీగ్ సూపర్ రగ్బీ కమ్రిలోని పది క్లబ్బుల్లో ఏదో ఒకదానిలో పెద్దవాళ్ల చేతిలో దెబ్బలు తిని రాటుదేలతాడు. జాతీయ అండర్-20 జట్టు నిలబడింది ఈ నిచ్చెన మీదే. పై మెట్టు తీసేస్తే కింది మెట్లు గాలిలో వేలాడతాయి.

లెక్క చిన్నదే. నాలుగు ప్రాంతాలుంటే అండర్-18 స్థాయిలో మొదటి పదిహేనులో దిగే పిల్లలు 60 మంది. మూడైతే 45. బెంచీని కూడా కలుపుకుని జట్టుకు 23 మంది అనుకుంటే 92 కాస్తా 69 అవుతుంది. ఫ్లైహాఫ్ చొక్కాలు నాలుగుంటే మూడే మిగులుతాయి. ఆట నడిపే ఆ స్థానంలో నేర్పు అనేది తప్పులు చేస్తూ, ఓడుతూ, మళ్లీ వచ్చేవారం అదే చొక్కా వేసుకుంటేనే అబ్బుతుంది. బెంచీ మీద కూర్చుంటే రాదు. చిన్న దేశానికి ఇవి చిన్న సంఖ్యలు కావు.

యూనియన్ వాదన కూడా చెప్పాలి. డబ్బు లేదు. 2025 ఏప్రిల్‌లో కార్డిఫ్ కుప్పకూలితే యూనియనే ఎత్తుకోవాల్సి వచ్చింది. 2023 అక్టోబరు నుంచి 2025 జులైలో కోబెలో జపాన్‌పై గెలిచేదాకా జాతీయ జట్టు వరసగా 18 టెస్టులు ఓడింది. దాదాపు 31 లక్షల జనాభా నాలుగు జట్లను మోయలేదని, ఉన్న ప్రతిభను మూడింటిలో కూడగడితే పోటీ పదునెక్కుతుందని వారంటున్నారు. సరే. కానీ ఇది కొత్త మాటేమీ కాదు. ఇదే మాట 2004లోనూ చెప్పారు.

2003లో ప్రాంతీయ రగ్బీ మొదలైనప్పుడు జట్లు ఐదు. ఐదోది సెల్టిక్ వారియర్స్. పాంటీప్రిద్, బ్రిడ్జెండ్ పట్టణాల జట్టు, బొగ్గుగనుల లోయల జట్టు. ఆ సీజన్‌లో యూరప్ కప్పు గెలిచిన వాస్ప్స్‌ను వాళ్ల సొంత మైదానంలోనే ఓడించిన జట్టు. ఒక్క సీజన్ ముగియగానే దాన్ని రద్దు చేశారు. కారణం అప్పుడూ డబ్బే. పాంటీప్రిద్ వైపు ప్రాంతం కార్డిఫ్ కిందికి, బ్రిడ్జెండ్ వైపు ప్రాంతం ఆస్‌ప్రీస్ కిందికి వెళ్లాయి. ఆ లోయల్లో చాలామంది ఈనాటికీ కార్డిఫ్ జట్టును తమదని చెప్పుకోరు.

ఆటగాళ్లకేం నష్టం జరగలేదు కదా అనేవాళ్లున్నారు. నిజమే, తయారైన ఆటగాళ్లకు జరగలేదు. వారియర్స్ తరఫున స్క్రమ్ ముందు వరసలో ఆడిన గెథిన్ జెంకిన్స్ కార్డిఫ్‌కు వెళ్లి, మరుసటి ఏడాదే వేల్స్‌కు గ్రాండ్‌స్లామ్ (ఆరు దేశాల టోర్నీలో అన్ని మ్యాచ్‌లూ గెలవడం) ఖాయం చేసిన మ్యాచ్‌లో ఐర్లండ్‌పై ట్రై చేశాడు, అంటే బంతిని ప్రత్యర్థి గీత దాటించాడు. వారియర్స్ ఆటగాడు గారెత్ థామస్‌ను ఫ్రాన్స్ క్లబ్బు టూలూజ్ పిలుచుకుంది. పేరున్నవాడికి ఎక్కడైనా పీట వేస్తారు. పేరు రావడానికి ఇంకా మూడేళ్లు పట్టే కుర్రాడి సంగతేమిటి? సాయంత్రం బస్సెక్కి అకాడమీకి వెళ్లి రాత్రికి ఇంటికి చేరే పిల్లవాడికి ఆ ప్రయాణం రెట్టింపైతే ఎన్నాళ్లు వెళ్తాడు? తండ్రికి రాత్రి షిఫ్టు పడితే ఎవరు తీసుకెళ్తారు? అలా మధ్యలో ఆగిపోయినవాళ్ల పేర్లు ఏ రికార్డులోనూ ఉండవు. అందుకే 2004 నష్టం ఎంతో ఎవరికీ తెలియదు. తెలియదు కాబట్టే, నష్టం లేదన్నట్టు మళ్లీ అదే పనికి సిద్ధపడుతున్నారు.

లీ హాఫ్‌పెనీ కథ వేల్స్‌లో అందరికీ తెలిసిందే. తెలిసి కూడా ఎందుకు మరిచిపోతున్నారన్నదే మా ప్రశ్న. స్వాన్సీ పక్కన గోర్సైనన్ అనే ఊరి కుర్రాడు. ఇంటికి దగ్గరి ప్రాంతం ఆస్‌ప్రీస్. వాళ్ల అకాడమీ ఈ పిల్లవాడు చిన్నగా ఉన్నాడని పంపించేసింది. కథ అక్కడే ముగియాలి. ముగియలేదు, ఎందుకంటే తట్టడానికి ఇంకో తలుపు ఉంది. కార్డిఫ్ తీసుకుంది. 2008లో 19 ఏళ్లకే దేశం తరఫున దక్షిణాఫ్రికాపై ఆడాడు. 2013లో ఆస్ట్రేలియా వెళ్లిన లయన్స్ (ఇంగ్లండ్, వేల్స్, స్కాట్లాండ్, ఐర్లండ్‌ల ఉమ్మడి జట్టు) సిరీస్ గెలిచినప్పుడు మూడు టెస్టుల్లో 49 పాయింట్లు చేసి, సిరీస్ ఉత్తమ ఆటగాడిగా నిలిచాడు. సిడ్నీ చివరి టెస్టులోనే 21 పాయింట్లు. వేల్స్‌కు 101 మ్యాచ్‌లు ఆడాడు. ఒక అకాడమీ కళ్లకు ఆననివాడు మరో అకాడమీకి కనబడ్డాడు. నాలుగు జతల కళ్లు ఉన్నందువల్ల దక్కిన ఆటగాడు అతను.

ఆస్‌ప్రీస్ కోచ్‌లను తప్పుపట్టడానికి ఇది చెప్పడం లేదు. ఆ వయసులో ఎవరైనా పొరబడతారు. పద్నాలుగేళ్ల ఇద్దరు పిల్లలు ఒకే రోజు పుట్టినా ఒకడికి మీసాలు వచ్చి ఉంటాయి, ఇంకొకడి గొంతు కూడా మారి ఉండదు. మగపిల్లలు వేగంగా పొడవు పెరిగేది సరిగ్గా ఆ వయసు చుట్టూనే. ప్రతిభను వెతికే స్కౌట్లు పరికించేదీ అప్పుడే. ఢీకొట్టుకునే ఆటలో ముందు పెరిగినవాడు మెరుస్తాడు, వెనక పెరిగేవాడు బెంచీకి చేరతాడు. దీనికి తోడు వయోపరిమితి తేదీకి కొద్దిగా ముందు పుట్టినవాళ్లు ఆ బృందంలో అందరికంటే చిన్నవాళ్లవుతారు. ఎంపిక జాబితాల్లో వాళ్ల సంఖ్య తక్కువగా ఉంటుందని అనేక క్రీడల్లో పరిశోధకులు పదే పదే చూపించారు. ఇంగ్లండ్ రగ్బీ అకాడమీ మీద జరిగిన ఒక అధ్యయనంలో తేలిన విషయం ఇంకా ఆసక్తికరం: అలా చిన్నవాళ్లుగా అకాడమీలోకి అడుగుపెట్టగలిగిన కొద్దిమందిలోనే ఎక్కువ శాతం చివరికి ప్రొఫెషనల్ స్థాయికి చేరారు. కష్టపడి నిలబడటం వాళ్లకు చిన్నప్పుడే అలవాటైంది. న్యూజిలాండ్‌లో బరువును బట్టి పిల్లలను వేర్వేరు గ్రేడుల్లో ఆడించే పద్ధతి ఉన్నది ఇందుకే. పిల్లవాణ్ని చూడటంలో తప్పు జరిగి తీరుతుంది. జరిగిన తప్పు దిద్దుకోవడానికి రెండో చోటు ఉండాలి. ఆ రెండో చోటునే ఇప్పుడు మూసేస్తున్నారు.

వేల్స్ ఒక్కటే కాదు. స్కాట్లాండ్ సరిహద్దు జిల్లాల్లో హాయిక్, మెల్రోస్ లాంటి పట్టణాల్లో రగ్బీ ఇంటి ఆట. జట్టుకు ఏడుగురు ఆడే సెవెన్స్ రగ్బీ పుట్టింది 1883లో మెల్రోస్‌లోనే. ఆ ప్రాంతపు జట్టు బోర్డర్ రీవర్స్‌ను 2002లో మళ్లీ నిలబెట్టి, 2007లో డబ్బు లేదని మూసేశారు. అప్పటినుంచి స్కాట్లాండ్‌లో ప్రొఫెషనల్ జట్లు రెండే, ఎడిన్‌బరో, గ్లాస్గో. స్టువర్ట్ హాగ్ లాంటివాడు హాయిక్ నుంచి గ్లాస్గో వెళ్లి వెలిగాడు, నిజమే. వెళ్లలేనివాళ్లు ఎందరో ఎవరు లెక్కపెట్టారు?

మూయకపోతే ఏమవుతుందో కూడా చరిత్రలోనే ఉంది. వారియర్స్‌ను రద్దు చేయడానికి ఏడాది ముందు, 2003లో, ఐర్లండ్ యూనియన్ కూడా పొదుపు పేరుతో పశ్చిమ ప్రావిన్సు జట్టు కనాక్ట్‌ను మూసేయాలనుకుంది. నాలుగు ప్రావిన్సుల్లో పేదది, పెద్ద ట్రోఫీ లేనిది అదే. అభిమానులు డబ్లిన్ వీధుల్లోకి వచ్చి ఊరేగారు. యూనియన్ వెనక్కి తగ్గింది. పదమూడేళ్ల తర్వాత, 2016లో, అదే కనాక్ట్ ఫైనల్లో లెన్‌స్టర్‌ను 20-10తో ఓడించి లీగ్ గెలిచింది. అథ్లోన్ కుర్రాడు రాబీ హెన్‌షా ఆ అకాడమీలోనే ఎదిగాడు. 2021 లయన్స్ పర్యటనలో మూడు టెస్టులూ ఆడాడు. వేల్స్, ఐర్లండ్ యూనియన్లు రెండింటి చేతిలోనూ అదే కత్తెర, దాదాపు ఒకే సమయంలో. ఒకరు కోశారు, ఒకరు ఆగారు. ఈ రోజు ఐర్లండ్ ఎక్కడుంది, వేల్స్ ఎక్కడుంది? ఈ తేడా అంతటికీ ఆ ఒక్క నిర్ణయమే కారణమని మేం అనడం లేదు. కానీ వేల్స్ పెద్దలు తమ ప్రణాళికలో నేర్చుకోవాల్సిన పాఠాల్లో మొదటిది పక్క ద్వీపంలోనే ఉందని మాత్రం అంటున్నాం.

సెవర్న్ నది మీది వంతెన దాటితే ఇంగ్లండ్. అక్కడి క్లబ్బుల అకాడమీలు వెల్ష్ పిల్లల కోసం ఎప్పుడూ కన్నేసి ఉంటాయి. లూయీ రీస్-జామిట్ గ్లోస్టర్ అకాడమీ నుంచి వచ్చాడు. వేల్స్‌కే ఆడాడు కాబట్టి సరిపోయింది. కార్డిఫ్‌లో పుట్టిన ఇమాన్యుయెల్ ఫెయి-వబోసో 2024 నుంచి ఇంగ్లండ్ చొక్కా వేసుకుంటున్నాడు. ఇంట్లో చొక్కాలు తగ్గించుకుంటూ పోతే పిల్లలు పక్కింటికే వెళ్తారు, వాళ్లను తప్పుపట్టే హక్కు ఎవరికీ ఉండదు. 2025 జులైలో బ్రిస్బేన్ మొదటి టెస్టుకు లయన్స్ ఎంపిక చేసిన 23 మందిలో వెల్ష్ ఆటగాడు ఒక్కడూ లేడు. 1896 తర్వాత అలా జరగడం అదే మొదటిసారి. పంట రావడం లేదని పొలం కోసుకుంటూ పోవడం ఏ రైతూ చేయడు. విత్తనానికి దాచిన గింజలు వండుకుని ఈ పూట గడుపుకోవడం అంతకంటే చేయడు.

మిగిలిన డబ్బుతో అకాడమీలను బలోపేతం చేస్తామని హామీ వినబడుతోంది. హామీలకేం, 2004లో లోయల పిల్లలకూ దారి ఉంటుందనే చెప్పారు. అకాడమీ ఉంచి పైన జట్టు తీసేస్తే ఆ అకాడమీ ఎవరి కోసం? పిల్లవాడు వారాంతంలో ఎవరి ఆట చూసి, నేను అక్కడ ఉండాలి అనుకుంటాడు? జార్జ్ నార్త్ ఉత్తరాన ఆంగ్లసీ ద్వీపం నుంచి పశ్చిమానికి వచ్చి, స్కార్లెట్స్ తరఫున ఆడుతూ 2010లో 18 ఏళ్లకే దేశం తరఫున తొలి మ్యాచ్‌లో రెండు ట్రైలు చేశాడు. పైకి ఎక్కడానికి ఒక జట్టు కనబడింది కాబట్టి వచ్చాడు.

యూనియన్ పెద్దలను మేం అడుగుతున్నది కష్టమైనదేమీ కాదు. పశ్చిమ లైసెన్సుపై సంతకం చేసేముందు ఒక కాగితం బయటపెట్టండి. పోబోయే ప్రాంతంలో ఇప్పుడు అండర్-16, అండర్-18 జట్లలో, అకాడమీలో ఉన్న పిల్లలు ఎంతమంది, వచ్చే సీజన్‌లో ఒక్కొక్కరూ ఎక్కడ శిక్షణ పొందుతారు, ఎవరు తీసుకెళ్తారు, ఎన్ని మ్యాచ్‌లు ఆడతారు అన్నది అందులో ఉండాలి. వాళ్లలో ఎంతమంది ఆటలో మిగిలారో ఐదేళ్ల పాటు ఏటా ప్రకటించండి. యజమానులతో, బ్యాంకులతో, లాయర్లతో కూర్చోవడానికి నెలల తరబడి సమయం దొరికింది మీకు. ఈ పిల్లల తల్లిదండ్రులతో కూర్చోవడానికి ఒక్క సాయంత్రం దొరకలేదా? ఆ కాగితం లేకుండా సంతకం పెడితే, ఏం జరుగుతుందో తెలియక చేశామని చెప్పుకునే వీలు ఈసారి మీకు లేదు. ఇరవై రెండేళ్ల కింద పాంటీప్రిద్‌లో ఏం చేశారో మీ దస్త్రాల్లోనే ఉంది, తెరిచి చదవండి.