'అండ్ మీ' అంటే పరువేం పోదు: ఆ ప్రొనౌన్ రూల్స్ ఫార్వర్డ్‌కి నా జవాబు

వాట్సాప్‌లో ఒక ఇమేజ్ తెగ తిరుగుతోంది, "ఈ ప్రొనౌన్ తప్పులు చేస్తే ఇంటర్వ్యూలో పరువు గోవిందా" అని హెడ్డింగు, కింద ఆరు రూల్సు. డీఎస్సీ, బ్యాంక్ ఎగ్జామ్స్‌కి చదివే పిల్లలు దాన్ని సేవ్ చేసుకుని బట్టీ పడుతున్నారు. ఆరింట్లో ఏది కరెక్టో ఏది కాదో వరసగా చూద్దాం.

మొదటి రూలు: "ఇంకొకరితో కలిపి చెప్పేటప్పుడు ఎప్పుడూ 'అండ్ ఐ' అనాలి, 'అండ్ మీ' అనేది చదువు లేనివాళ్ళ ఇంగ్లీష్." అన్నిట్లోకీ ఇదే డేంజర్, ఎందుకంటే ఇందులో సగం నిజం ఉంది. "రవి అండ్ ఐ వెంట్ టు విజయవాడ" కరెక్టే, అక్కడ వెళ్ళింది మనమే కాబట్టి సబ్జెక్ట్ ఫామ్ 'ఐ' వస్తుంది. కానీ ఇదే రూలు పట్టుకుని "ద మేనేజర్ కాల్డ్ రవి అండ్ ఐ" అని రాస్తే తప్పు. డౌటొస్తే పక్కన ఉన్న రవిని తీసేసి చదవండి, "ద మేనేజర్ కాల్డ్ ఐ" అని ఎవరైనా అంటారా? అనరు, కాబట్టి రవి ఉన్నా లేకపోయినా అక్కడ 'మీ' నే. అసలు మనకి ఈ కన్ఫ్యూజనే రాకూడదు, తెలుగులో "మేనేజర్ రవినీ నన్నూ పిలిచాడు" అంటాం గానీ "రవీ నేనూ పిలిచాడు" అని చిన్నపిల్లలు కూడా అనరు కదా. ప్రిపొజిషన్ తర్వాత కూడా అంతే: "బిట్వీన్ యూ అండ్ మీ", "ఫర్ మై వైఫ్ అండ్ మీ". ఎర్రర్ స్పాటింగ్‌ (వాక్యంలో తప్పు పట్టే) ప్రశ్నల్లో తరచూ కనపడే "లెట్ యూ అండ్ ఐ" కూడా ఈ బాపతే, అక్కడా 'మీ' రావాలి. ఇంగ్లీష్ దేశాల్లో కూడా ఈ తప్పు బాగా కామనే, చిన్నప్పుడు "మీ అండ్ జాన్ వెంట్" అన్న ప్రతిసారీ టీచర్లు మందలిస్తారు, దాంతో 'మీ' అన్న మాటే చెడ్డదేమో అని భయం పట్టుకుని అవసరమైన చోట కూడా మానేస్తారు. షేక్‌స్పియర్ 'మర్చంట్ ఆఫ్ వెనిస్'లో కూడా "బిట్వీన్ యూ అండ్ ఐ" ఉంది కదా అని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. ఉంది, కానీ పేపర్ దిద్దే ఆయన షేక్‌స్పియర్‌కి మార్కులు వేయట్లేదు, మీకు వేస్తున్నాడు.

రెండోది: "మర్యాదగా చెప్పాలంటే 'మైసెల్ఫ్' వాడాలి." అందుకే "మైసెల్ఫ్ సురేష్ ఫ్రమ్ వరంగల్", "ప్లీజ్ కాంటాక్ట్ మైసెల్ఫ్" లాంటివి వస్తున్నాయి. మర్యాదకీ దీనికీ సంబంధమే లేదు. చేసినవాడి మీదకే ఆ పని తిరిగొస్తే (ఐ కట్ మైసెల్ఫ్), లేదా నేనే అని నొక్కి చెప్పాలంటే (ఐ కుక్డ్ ఇట్ మైసెల్ఫ్) అప్పుడు వాడతారు, మిగతా చోట్ల "ఐ యామ్ సురేష్", "కాంటాక్ట్ మీ" చాలు. తమాషా ఏంటంటే నిజంగా కావాల్సిన చోట మనం దీన్ని మింగేస్తాం, "వీ ఎంజాయ్డ్ ఎ లాట్" అని ఆపేస్తాం, 'ఎంజాయ్'కి ఆబ్జెక్ట్ కావాలి కాబట్టి "వీ ఎంజాయ్డ్ అవర్‌సెల్వ్స్" అనాలి. ఇంకోటి, 'హిజ్‌సెల్ఫ్', 'దెయిర్‌సెల్వ్స్' అని స్టాండర్డ్ ఇంగ్లీష్‌లో లేవు, హిమ్‌సెల్ఫ్, దెమ్‌సెల్వ్స్ మాత్రమే.

మూడోది: "'దే' అంటే ప్లూరల్ మాత్రమే, ఎవ్రీవన్, సమ్‌వన్ వస్తే 'హిజ్' అనే రాయాలి, ఒక్కరికి 'దే' వాడటం ఈమధ్య పుట్టిన ఫ్యాషన్." ఫ్యాషనేం కాదండీ, ఒక్కరికి 'దే' వాడటం 14వ శతాబ్దం నుంచే ఇంగ్లీష్‌లో ఉంది, జేన్ ఆస్టెన్ నవలల్లో బోలెడు సార్లు కనపడుతుంది. "సమ్‌వన్ లెఫ్ట్ దెయిర్ ఫోన్ హియర్" అంటే ఎవరో ఒక్కరే, ఆడో మగో తెలీదు. 2019లో వచ్చిన ఏపీఏ (అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్) స్టైల్ మాన్యువల్, అంటే రీసెర్చ్ పేపర్లు ఎలా రాయాలో చెప్పే పుస్తకం, 7వ ఎడిషన్ అయితే అకడమిక్ రాతల్లో కూడా ఇలాగే రాయమంది. ఒక్క మనిషికి 'దే ఆర్' ఏంటి అని ముఖం చిట్లించేవాళ్ళు ఎదురుగా ఉన్న ఒక్క మనిషిని "మీరు వస్తారా" అని ప్లూరల్‌లోనే అడుగుతారు, 'యూ ఆర్' కూడా ఒకప్పుడు ప్లూరలే, ఏకవచనానికి 'దౌ' ఉండేది, గౌరవం కోసం మొదలైన 'యూ' దాన్నే తినేసింది.

మరి 'హిజ్' రాయమనేవాళ్ళు చెప్పే, 'హీ'లో ఆడవాళ్ళు కూడా వస్తారు అన్న మాట ఎక్కడిదంటే, చట్టంలో ఉంది. మన జనరల్ క్లాజెస్ యాక్ట్, 1897లో 13వ సెక్షన్ ప్రకారం పుంలింగ పదాల్లో స్త్రీలూ కలుస్తారు. రాజ్యాంగంలో రాష్ట్రపతిని 'హీ' అనే రాశారు, 2007లో ప్రతిభా పాటిల్, 2022లో ద్రౌపది ముర్ము ఆ పదవిలోకి వచ్చినా అక్షరం మార్చాల్సిన పని పడలేదు. అది చట్టం చదివే పద్ధతి, ఆఫీసు మెయిల్‌కి గ్రామర్ రూలు కాదు. అయితే పాత పద్ధతి ఎగ్జామ్స్‌లో ఆన్సర్ కీ 'హిజ్' వైపు ఉండే ఛాన్సుంది, అక్కడ వాదించకుండా కీ ఎటుంటే అటు టిక్ పెట్టండి.

నాలుగోది కోచింగ్ సెంటర్ల ముద్దుబిడ్డ, 231 రూలు. ఫస్ట్ పర్సన్ 'ఐ' 1, సెకండ్ పర్సన్ 'యూ' 2, థర్డ్ పర్సన్ 'హీ' 3 అనుకుంటే, ముందు యూ, తర్వాత హీ, చివర ఐ. తప్పు ఒప్పుకునేటప్పుడు మాత్రం 123, అంటే నేను ముందు. ఇది గ్రామర్ కాదు, మర్యాద. "ఐ అండ్ రవి" అన్నా వాక్యం కూలిపోదు, కాస్త మొరటుగా వినపడుతుందంతే. ఎగ్జామ్‌లో అడుగుతారు కాబట్టి గుర్తుపెట్టుకోండి, కానీ ఇంటర్వ్యూలో మాట్లాడుతూ మధ్యలో ఆగి నంబర్లు లెక్కపెట్టుకోకండి.

ఐదోది పూర్తిగా తప్పు: "'దాని' అని చెప్పాలంటే 'ఇట్స్'లో అపాస్ట్రఫీ పెట్టాలి." పెట్టకూడదు. హిజ్, హర్స్, అవర్స్, యువర్స్, దెయిర్స్‌లో ఎక్కడైనా ఉందా? అపాస్ట్రఫీ ఉంటే అది 'ఇట్ ఈజ్' లేదా 'ఇట్ హ్యాజ్'. 'వన్స్ (one's) డ్యూటీ'లో 'వన్స్'కీ, 'ఎవ్రీబడీస్'కీ మాత్రం అపాస్ట్రఫీ ఉంటుంది, అవి వేరే జాతి.

ఆరోది, ఇద్దరికి 'ఈచ్ అదర్', ముగ్గురు ఆపైన 'వన్ అనదర్'. ఈ తేడాకి వాడుకలో ఆధారం లేదని ఇంగ్లీష్ వాడుక మీద పేరున్న పుస్తకం రాసిన ఫౌలర్ 1926లోనే కొట్టిపారేశాడు, మన ఆబ్జెక్టివ్ పేపర్లకి ఆ కబురు ఇంకా చేరలేదు.